వెనక బ్రేక్ పిస్టన్ మొండికేస్తే

(బండి పని సొంతంగా చేసుకునేవాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ముందు వరుసలో ఉన్నవాళ్లు కొంచెం జాగ్రత్త. ఈ బల్ల మీద ఉన్న కాలిపర్లలో, అంటే బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగాల్లో, ఇంకా కాస్త బ్రేక్ ఆయిల్ ఉంది. బట్టల మీద పడితే పోనీలే అనుకోవచ్చు, కారు మీద పడితే మాత్రం రంగు లేచిపోతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఒక ప్రశ్న అడుగుతాను. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చుకున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇప్పుడు వెనక చక్రాలవి మార్చుకున్నవాళ్లు? చూశారా, సగానికి పైగా చేతులు దిగిపోయాయి. ఆ సగం మంది ఎక్కడ ఆగిపోయారో నాకు తెలుసు. పాత ప్యాడ్లు తీశారు, కొత్తవి పెట్టబోయారు, ప్యాడ్‌ను తోసే పిస్టన్ కాలిపర్‌లోకి వెనక్కి పోలేదు. అంతే కదా?

నేనూ సరిగ్గా అక్కడికే వచ్చాను. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. పని నేర్చుకుంటున్న రోజులవి. ముందు చక్రాలు రెండూ చకచకా అయిపోయాయి. అదే ఊపులో వెనక కాలిపర్ విప్పి, మర తిప్పి నొక్కే సి-క్లాంప్ పెట్టి బిగించాను. కదల్లేదు. తుప్పు పట్టి ఉంటుందిలే అనుకుని క్లాంప్ పిడికి ఒక పైపు తొడిగి మరీ తిప్పాను. లోపల 'టక్' మంది. పిస్టన్ లోపలికి వెళ్లింది. ఎంత సంబరపడ్డానో! ప్యాడ్లు పెట్టాను, చక్రం బిగించాను, హ్యాండ్ బ్రేక్ లాగాను. అది పైదాకా వచ్చేసింది, చక్రం మాత్రం చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది. నేను విరగ్గొట్టింది తుప్పును కాదు, ప్యాడ్లు అరిగేకొద్దీ సర్దుకునే లోపలి అడ్జస్టర్‌ను. కాలిపర్ మొత్తం కొత్తది వేయాల్సి వచ్చింది. మా మేస్త్రిగారు తిట్టలేదు, అదే ఇంకా బాధ. ఆ పాత కాలిపర్ నా చేతిలో పెట్టి, "రంపంతో కోసి లోపల ఏముందో చూడు" అన్నారు. కోశాను. ఇదిగో, అదే ఇది. ఇన్నేళ్లుగా దాచుకున్నాను. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం ఈ ముక్కలోనే ఉంది.

అసలు పిస్టన్‌ను వెనక్కి పంపాల్సిన అవసరం ఎందుకొస్తుంది? ఇది తెలియకపోతే మిగతాదంతా కంఠస్థం చేసినట్టే అవుతుంది. పిస్టన్ చుట్టూ కాలిపర్ గోడలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. మామూలు ఓ-రింగ్‌లా గుండ్రం కోత కాదు, నలుచదరం కోత. మీరు పెడల్ నొక్కితే ఆయిల్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ రింగు పిస్టన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి దాంతోపాటు కొంచెం ముందుకు వంగుతుంది. పెడల్ వదలగానే రబ్బరు మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను ఓ వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్క్‌ను వదిలేది అందువల్లే. వేరే స్ప్రింగులూ గట్రా ఏమీ అక్కర్లేదు. మరి ప్యాడ్ అరిగితే? రింగు వంగగలిగినంత కంటే ఎక్కువ దూరం పిస్టన్ వెళ్లాల్సి వస్తుంది, అప్పుడు రింగులోంచి జారి ముందుకు వెళ్తుంది. ఆ జారినంత దూరం ఇక వెనక్కి రాదు. అలా నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వచ్చిన పిస్టన్‌ను మనం ఒక్క పూటలో లోపలికి పంపాలి. లేకపోతే మందంగా ఉన్న కొత్త ప్యాడ్లకు చోటెక్కడిది?

ఎంత దూరం వస్తుంది? కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం, బండిని బట్టి, 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 2 దగ్గరికి వచ్చేసరికి మార్చేయాలి. అంటే ఒక్కో ప్యాడ్ 8 మిల్లీమీటర్లు అరిగింది. చాలా కార్లలో ఉండేది జారే కాలిపర్, పిస్టన్ ఒకవైపే ఉంటుంది. కాబట్టి రెండు ప్యాడ్ల అరుగుదలా ఆ ఒక్క పిస్టన్ నెత్తినే పడుతుంది. మొత్తం 16 మిల్లీమీటర్లు. వెనక పిస్టన్ 38 మిల్లీమీటర్ల వ్యాసం అనుకుంటే దాని ముఖం 11 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. గుణించండి. సుమారు 18 మిల్లీలీటర్ల ఆయిల్. రెండు వెనక చక్రాలకూ కలిపి 36. ముందు పిస్టన్లు పెద్దవి, 57 మిల్లీమీటర్లనుకుంటే ఒక్కోదానికి 40 మిల్లీలీటర్లు దాటుతుంది.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, మీరు పిస్టన్ లోపలికి నెట్టినప్పుడు ఆ ఆయిలంతా ఎక్కడికో పోవాలి కదా? పైన ఉన్న ఆయిల్ డబ్బాలోకి పోతుంది. ప్యాడ్లు అరుగుతున్నప్పుడు డబ్బాలో మట్టం తగ్గుతుంది. అది చూసి ఎవరో పుణ్యాత్ముడు మధ్యలో నిండా పోసి ఉంటే, మీరు పిస్టన్లు నెట్టగానే పొంగి బానెట్ కింద కారుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు డబ్బా మూత తీసి చూడండి. మట్టం పైగీతకు దగ్గరగా ఉంటే శుభ్రమైన సిరంజీతో కొంత తీసేయండి. తీసింది మళ్లీ పోయకండి. డబ్బా చుట్టూ గుడ్డ చుట్టండి. ఎక్కడైనా ఒలికితే తుడిచి ఊరుకోకుండా వెంటనే నీళ్లు ధారగా పోయండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఆయిళ్లు నీళ్లలో కలిసిపోతాయి, అదొక్కటే మన అదృష్టం. డాట్ 5 వేరే జాతి, అది సిలికాన్.

వెనక బ్రేకులు మూడు రకాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ముందు చక్రాల్లో పిస్టన్‌కు ఉండేది ఒకటే పని. వెనక చక్రాల్లో చాలా కార్లకు రెండు పనులు. పెడల్ నొక్కితే ఆపాలి, హ్యాండ్ బ్రేక్ వేస్తే నిలబెట్టాలి. ఈ రెండో పని ఎలా చేస్తుందన్నదాన్ని బట్టి పిస్టన్ లోపలికి వెళ్లే తీరు మారుతుంది. కాబట్టి క్లాంప్ చేతిలోకి తీసుకునే ముందు మీ బండిలో హ్యాండ్ బ్రేక్ ఎక్కడ పనిచేస్తుందో చూడండి. ఇది చూడకుండా చేశాను కాబట్టే నేను రంపం పట్టాల్సి వచ్చింది.

మొదటి రకం అన్నిటికంటే తేలిక. డిస్క్ మధ్యలో టోపీలా ఎత్తుగా ఉంటుంది కదా, ఆ టోపీ లోపల చిన్న డ్రమ్ బ్రేక్ దాగి ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ దానికే పోతుంది. కాలిపర్‌కు కేబులూ ఉండదు, మోటారూ ఉండదు, ఆయిల్ గొట్టం ఒక్కటే. ఇలాంటిదైతే ముందు చక్రాల్లాగే, పాత ప్యాడ్‌ను పిస్టన్ ముఖానికి అడ్డం పెట్టి, క్లాంప్‌తో మెల్లగా తిన్నగా నొక్కేయడమే. దీని గురించి ఇంతకంటే మాట్లాడను.

రెండో రకం, కాలిపర్ వెనకాల ఒక లీవర్, దానికి కేబుల్. ఇది తిప్పాల్సిన పిస్టన్. మూడోది, కాలిపర్ వెనకాల ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా, దాన్లోకి వైర్లు. అది మోటారు, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని కార్లలో లోపల స్విచ్ ఉంటుంది కానీ మోటారు కాలిపర్ మీద ఉండదు. ఎక్కడో కింద కూర్చుని కేబుల్ లాగుతుంది. లోపల స్విచ్ ఉంది కాబట్టి మూడో రకమే అనుకోకండి. కాలిపర్ వెనక్కి వెళ్లి చూడండి. లీవర్, కేబుల్ కనిపిస్తే అది రెండో రకమే. కాకపోతే మోటారును ముందు వదులు చేయించుకోవాలి.

ఇప్పుడు ఈ కోసిన ముక్క చూడండి. అటు పక్కవాళ్లకు కూడా అందించండి, చేతులు నల్లగా అయితే నన్ను అనకండి. పిస్టన్ లోపల బోలుగా ఉంది కదా? ఆ బోలులో ఒక నట్టు ఉంది. నట్టులోకి మరలున్న ఈ కడ్డీ దిగుతుంది. కడ్డీ రెండో చివర ఈ లీవర్ దగ్గర ఉంది. మీరు హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ లీవర్‌ను తిప్పుతుంది. లీవర్ కింద ఏటవాలు గుంటల్లో ఇదిగో ఈ ఇనుప గోళీలు ఉన్నాయి. లీవర్ తిరిగితే గోళీలు ఆ ఏటవాలు ఎక్కుతాయి, ఎక్కుతూ కడ్డీని ముందుకు తోస్తాయి. కడ్డీ నట్టును తోస్తుంది, నట్టు పిస్టన్‌ను తోస్తుంది, ప్యాడ్ డిస్క్‌ను పట్టుకుంటుంది. కొన్నిటిలో గోళీల బదులు క్యామ్ ఉంటుంది, పని ఒకటే.

మరి ప్యాడ్ అరిగితే? పెడల్ నొక్కినప్పుడల్లా పిస్టన్ ఆ కడ్డీకి దూరంగా జరుగుతూ పోతుంది. అలాగే వదిలేస్తే హ్యాండ్ బ్రేక్ ఏ రోజుకారోజు ఇంకో మెట్టు పైకి లాగాల్సి వస్తుంది. అందుకే ఈ స్ప్రింగ్ పెట్టారు. పిస్టన్ ముందుకు జరిగి వెనకాల ఖాళీ ఏర్పడగానే నట్టు తనంతట తానే మర మీద తిరుగుతూ ముందుకొచ్చి ఆ ఖాళీ పూడ్చేస్తుంది. కానీ ముందుకు మాత్రమే. వెనక్కి తోస్తే బిగుసుకుంటుంది. ఎందుకు బిగుసుకోవాలి అంటారా? బిగుసుకోవడమే దాని ఉద్యోగం! తోయగానే వెనక్కి జారిపోయే నట్టయితే, హ్యాండ్ బ్రేక్ వేసిన బండి ఏటవాలు రోడ్డు మీద నిలబడుతుందా?

అంటే నేను ఆ రోజు క్లాంప్‌తో పోరాడింది తుప్పుతో కాదు, నిలబెట్టడం కోసమే తయారైన ఒక నట్టుతో. అది తన పని తాను చేస్తోంది. నేను పైపు తొడిగి దాన్ని ఓడించాను. ఏం గెలిచానో చూశారుగా.

తిప్పడం ఎలా

సరే, తిప్పాలి. పిస్టన్ తిరిగితే దాంతోపాటు నట్టూ తిరుగుతుంది, మర మీద వెనక్కి వెళ్తుంది. తిప్పే పరికరాన్ని చాలామంది విండ్-బ్యాక్ టూల్ అంటారు. ఒకవైపు కాలిపర్‌కు ఆనుకునే పలక, మధ్యలో మర కడ్డీ, రెండోవైపు పిస్టన్ ముఖం మీద గాట్లలో కూర్చునే ముళ్లున్న బిళ్ల. బిళ్లలు రకరకాలు, ఎందుకంటే పిస్టన్ల మీద గాట్లు రకరకాలు. కొన్నిటికి రెండు గుంటలు, కొన్నిటికి కూడిక గుర్తులా గాటు. పాచికలా ఆరు ముఖాలున్న చిన్న ఇనుప ముక్క ఒకటి దొరుకుతుంది, ఒక్కో ముఖానికి ఒక్కో రకం ముళ్లు. దాన్ని రాచెట్‌కు తగిలించి తిప్పుతారు. నాకది పెద్దగా నచ్చదు. ఎందుకంటే అది తిప్పుతుంది, నొక్కదు. నొక్కే పని మీ అరచేయి చేయాలి.

నొక్కడం అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. చాలా కాలిపర్లలో నొక్కకుండా ఊరికే తిప్పితే పిస్టన్ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, లోపలికి ఒక్క మిల్లీమీటరు పోదు. మీరు అరగంట తిప్పుతారు, చేయి నొప్పి పుడుతుంది, కాలిపర్ పాడైందనుకుంటారు. పాడవలేదు. నొక్కుతూ తిప్పాలి. నొక్కుతూ, తిప్పాలి. విరగ్గొట్టేంత బలం అక్కర్లేదు, వెనక్కి తట్టుకుని నిలబడేంత ఒత్తిడి చాలు. నేనొకటి చేస్తాను. మొదలుపెట్టే ముందు పిస్టన్ ఎంత బయటికి ఉందో వెర్నియర్ కొలబద్దతో కొలుస్తాను. పది చుట్లు తిప్పాక మళ్లీ కొలుస్తాను. తగ్గిందా, సరైన దారిలోనే ఉన్నాను. తగ్గలేదా, ఆగి ఆలోచిస్తాను. మర చుట్ల మధ్య దూరం తక్కువ కాబట్టి నిదానంగానే వెళ్తుంది, కంటికి తెలియదు, అందుకే కొలవడం.

ఎటు తిప్పాలి? చాలా కార్లలో కుడివైపుకు, అంటే గడియారం ముల్లు తిరిగినట్టు. కానీ కొన్ని కార్లలో ఒక పక్క చక్రానికి ఒకలా, రెండో పక్కకు దానికి ఎదురుగా ఉంటుంది. మంచి టూల్ సెట్టులో రెండు కడ్డీలు ఇచ్చేది అందుకే, ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, చూడండి. అది చేతిలో లేకపోతే, ఒక చుట్టు తిప్పి కొలవండి. బయటికి వస్తుంటే వెంటనే ఆగి రెండో వైపుకు తిప్పండి. ఎడమ చక్రం ఇటు తిరిగింది కదా అని కుడి చక్రానికి అదే బలవంతం చేయకండి.

మొదలుపెట్టే ముందు ఒకటి. హ్యాండ్ బ్రేక్ దించి ఉండాలి! నవ్వకండి, నిజంగానే. చక్రం ఎత్తేటప్పుడు అందరూ అలవాటుగా హ్యాండ్ బ్రేక్ వేస్తారు. వేసి ఉంటే కడ్డీ ముందుకు తోసుకుని ఉంటుంది, పిస్టన్ పూర్తిగా లోపలికి పోదు. మరి బండి దొర్లిపోకుండా? ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు, బండి గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. జాకీ ఎత్తడానికి మాత్రమే, కింద స్టాండు ఉండాల్సిందే.

తిప్పుతున్నప్పుడు కళ్లు పెట్టాల్సింది పిస్టన్ మీద కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు బూట్ మీద. పిస్టన్ తిరిగితే బూట్ కూడా దాన్ని పట్టుకుని మెలిపడుతుంది, తడిగుడ్డ పిండినట్టు. మెలిపడిన బూట్ చిరుగుతుంది. చిరిగితే నీళ్లు, మట్టి లోపలికి పోతాయి, పిస్టన్‌కు తుప్పు పడుతుంది, ఆ తుప్పు రబ్బరు రింగును కోస్తుంది, ఆయిల్ కారడం మొదలవుతుంది. కాబట్టి ముందు బూట్‌ను బ్రేక్ క్లీనర్ కొట్టిన గుడ్డతో తుడవండి. బూట్ పెదవి పిస్టన్‌ను తాకే చోట కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. మధ్యమధ్యలో ఆగి, వేలితో బూట్‌ను సవరించండి. మామూలు గ్రీజు మాత్రం ఈ చుట్టుపక్కలకు రానివ్వకండి. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేక్ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. కాలిపర్ జారే పిన్నులకు కూడా అదే మాట, సిలికాన్ గ్రీజు లేదా బ్రేకులకే తయారుచేసిన గ్రీజు.

నోస్ ప్లయర్‌తో తిప్పవచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. తిప్పవచ్చు. నేనూ తిప్పాను. ముక్కు జారి బూట్‌లో దిగింది. అప్పటినుంచి తిప్పడం లేదు.

లోపలికి పూర్తిగా వెళ్లాక ఆగిపోకండి, ఇంకో చిన్న విషయం ఉంది. చాలామంది దీన్ని దాటేస్తారు. లోపలి ప్యాడ్ వెనక రేకు మీద ఒక చిన్న బుడిపె ఉందేమో చూడండి. ఉంటే అది పిస్టన్ ముఖం మీద గాటులో కూర్చోవాలి. ఎందుకో తెలుసా? పిస్టన్ తిరిగిపోకుండా ఆపేది ఆ బుడిపే. పిస్టన్ తిరిగిపోతే ఆ నట్టు సర్దుబాటు అంతా వృథా. కాబట్టి చివర్లో పిస్టన్‌ను కొంచెం అటో ఇటో తిప్పి, గాటు బుడిపెకు ఎదురుగా వచ్చేలా నిలపండి. కొన్ని బండ్లకు గాటు ఏ దిక్కున ఉండాలో మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు. బుడిపె గాటులో పడకుండా అంచు మీద కూర్చుంటే ప్యాడ్ వంకరగా నిలబడుతుంది, ఒకవైపే అరుగుతుంది, డిస్క్ వేడెక్కుతుంది.

బ్లీడర్ గురించి, అంటే కాలిపర్ నుంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న నిప్పల్ గురించి రెండు ముక్కలు. పిస్టన్ నెట్టేటప్పుడు బ్లీడర్ నిప్పల్ విప్పాలా వద్దా? ఈ విషయం మీద మెకానిక్‌లు పెళ్లిళ్లలో కూడా కొట్టుకుంటారు. విప్పాలనేవాళ్ల వాదన, కాలిపర్‌లో మాడిన మురికి ఆయిల్, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ వైపు పోకుండా బయటికి పోతుందని. వద్దనేవాళ్ల వాదన, సరిగ్గా చేయకపోతే గాలి లోపలికి పోతుందని. రెండూ నిజమే. నా పద్ధతి ఏమిటంటే, ఆయిల్ మార్చి రెండేళ్లు దాటి ఉంటే ఎలాగూ మొత్తం మార్చాల్సిందే, కాబట్టి నిప్పల్‌కు గొట్టం తగిలించి, గొట్టం చివర ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, విప్పి నెడతాను, నెట్టడం ఆపే ముందే నిప్పల్ మూసేస్తాను. ఆయిల్ కొత్తదే అయితే నిప్పల్ జోలికి పోను. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీసం 155కు దిగిపోతుంది. ఆ 155 డిగ్రీలు కొండ దిగేటప్పుడు ఎంత దగ్గరో ఆలోచించండి. ఇక రబ్బరు గొట్టాన్ని ప్లయర్‌తో నొక్కిపట్టి ఆయిల్ ఆపేవాళ్లున్నారు. నేను చేయను, మీరూ చేయకండి. గొట్టం లోపలి పొర నలిగితే బయటికి కనపడదు.

ఎలక్ట్రిక్ అయితే

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ విషయంలో భయం ఎక్కువ, పని తక్కువ. కాలిపర్ వెనక మోటారు ఉంటే లోపల కూడా మర కడ్డీ, నట్టు ఉంటాయి, అయితే వాటిని నడిపేది మోటారు. మీరు పిస్టన్‌ను తిప్పకూడదు. మోటారుతో నట్టును వెనక్కి పంపించి, ఆ తర్వాత పిస్టన్‌ను తిన్నగా నొక్కాలి. నట్టు ముందే నిలబడి ఉంటే ఎంత నొక్కినా పోదు, బలవంతంగా నొక్కితే లోపలి గేరు పళ్లు విరుగుతాయి.

నట్టును వెనక్కి ఎలా పంపాలి? సర్వీస్ మోడ్. కొన్ని బండ్లకు స్కాన్ టూల్, అంటే బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం, కావాలి. కొన్నిటికి ఇగ్నిషన్ వేసి, పెడల్ తొక్కిపెట్టి, స్విచ్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటే చాలు. మీ బండిది ఏదో మాన్యువల్‌లోనే చూడండి, పక్కవాడి బండి పద్ధతి మీ బండికి పనికిరాదు. సర్వీస్ మోడ్‌లోకి వెళ్తే మోటారు గుర్రుమనే చప్పుడు వినిపిస్తుంది. రెండు పక్కలా వినిపించిందా అని నిర్ధారించుకోండి. కొందరు మోటారుకు నేరుగా బ్యాటరీ వైర్లు పెట్టి తిప్పుతారు. ఎక్కడ ఆపాలో చెప్పేది బండిలో కంప్యూటరే కదా, దాన్ని పక్కన పెట్టేస్తే మోటారు చివరిదాకా వెళ్లి బిగుసుకుపోతుంది. కాలిపర్ విప్పి ఉన్నప్పుడు ఆ స్విచ్ ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి. ముఖ్యంగా పిల్లలు కారులో ఎక్కి కూర్చోకుండా. కొన్ని హైబ్రిడ్ కార్లలో అయితే తలుపు తీస్తేనే బ్రేక్ వ్యవస్థ మేల్కొని లోపల ప్రెజర్ తయారుచేస్తుంది. కాలిపర్ విప్పి ఉంటే పిస్టన్ బయటికి దూకేస్తుంది. అలాంటి బండ్లకు ముందు ఆ వ్యవస్థను ఆపేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది.

సరే, రకం సరిగ్గా గుర్తుపట్టారు, సరైన వైపుకే తిప్పుతున్నారు, అయినా పోవడం లేదు. అప్పుడేం చేస్తారు? పైపు తొడుగుతారా? (వెనక ఎవరో తొడుగుతానంటున్నారు.) అయ్యా, రంపం మీకే ఇస్తాను. పైపు వద్దు, పానా తీసుకోండి. నిప్పల్‌కు గొట్టం తగిలించి కొంచెం విప్పండి. ఇప్పుడు పిస్టన్ తేలిగ్గా పోయిందా? అయితే తప్పు కాలిపర్‌ది కాదు. ఆయిల్ పైకి వెళ్లే దారి మూసుకుంది. ఎక్కువసార్లు అది రబ్బరు గొట్టం. లోపలి పొర ఊడి తలుపు రెక్కలా అడ్డం పడుతుంది. పెడల్ నొక్కితే ఆయిల్ వస్తుంది, వదిలితే వెనక్కి పోదు. బ్రేక్ పట్టేసిన చక్రాల్లో ఇలాంటివి నేను చాలా చూశాను, జనం ప్యాడ్ల మీద ప్యాడ్లు మారుస్తూ ఉంటారు. నిప్పల్ విప్పినా పిస్టన్ అలాగే మొండికేసిందా? అప్పుడు నిజంగా తుప్పే. బూట్ ఎత్తి చూడండి, గుంటలు కనిపిస్తే ఆ పిస్టన్‌ను లోపలికి పంపాలని చూడకండి. ఆ గరుకు మీద రబ్బరు రింగు ఎన్నాళ్లు నిలుస్తుంది?

కాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయకండి, తీగతో పైన కట్టండి. రెండు పక్కలా ఒకేసారి విప్పకండి. ఒకటి బిగించి ఉంటే, క్లిప్పు ఎటు ఉండాలో మర్చిపోయినప్పుడు వెళ్లి చూసుకోవచ్చు. బ్రేకుల మీద పేరుకున్న నల్ల దుమ్మును గాలితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇప్పుడు అన్నీ బిగించేశారు. బండి స్టార్ట్ చేసి రివర్స్ వేద్దామా? వేయకండి! పిస్టన్ లోపల ఉంది, ప్యాడ్‌కూ దానికీ మధ్య ఖాళీ ఉంది. మొదటిసారి తొక్కితే పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. కదిలించక ముందే పెడల్ గట్టిపడేదాకా పంప్ కొట్టండి, పొట్టిగా, మెల్లగా. తర్వాత ఆయిల్ మట్టం చూడండి. రెండో రకం అయితే ఆ తర్వాత హ్యాండ్ బ్రేక్ చాలాసార్లు లాగి వదలండి. కొన్ని బండ్లలో అడ్జస్టర్ పెడల్‌తో సర్దుకుంటుంది, కొన్నిటిలో హ్యాండ్ బ్రేక్‌తో. రెండూ చేస్తే ఏ బెంగా ఉండదు. హ్యాండ్ బ్రేక్ దించి ఉన్నప్పుడు కాలిపర్ మీద లీవర్ పూర్తిగా వెనక్కి వచ్చి, అది ఆగాల్సిన చోటికి ఆనుకుని ఉందా అని చూడటం మర్చిపోకండి. ప్యాడ్లు అరిగినప్పుడు ఎవరో కేబుల్‌ను అతిగా బిగించి ఉంటే ఆ లీవర్ వెనక్కి రాదు. లీవర్ వెనక్కి రాకపోతే నట్టు సర్దుకోదు, ప్యాడ్లు రుద్దుకుంటూనే ఉంటాయి. మూడో రకమైతే సర్వీస్ మోడ్‌లోంచి బయటికి తెచ్చి, స్విచ్ రెండుసార్లు వేసి తీయండి.

ప్రశ్నలున్నాయా? (కొత్త ప్యాడ్లు వేశాక ఒక వెనక చక్రం వేడెక్కుతోందని సభలో ఒకరు అడిగారు.) ఒక చక్రమే కదా? అయితే మొదట ఆ లీవర్ చూడండి, తర్వాత పిన్నులు చేత్తో జారుతున్నాయో లేదో చూడండి, తర్వాత బుడిపె గాటులో ఉందో లేదో చూడండి. మూడూ బాగుంటే చక్రం ఎత్తి, బ్రేక్ ఒకసారి తొక్కి వదిలి, చక్రం తిప్పి చూడండి. తిరగకపోతే నిప్పల్ విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైందా, గొట్టం మార్చండి.

(టూల్ కొనకుండా అద్దెకు తెచ్చుకోవచ్చా అని ఇంకొకరు.) భేషుగ్గా. ఎన్నాళ్లకొకసారి చేసే పని ఇది? కానీ తెచ్చుకునే ముందు మీ పిస్టన్ ముఖాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి, దానికి సరిపోయే బిళ్ల ఆ పెట్టెలో ఉందో లేదో చూసి తెచ్చుకోండి.

ఇక మాటలు చాలు. బల్ల మీద రెండు మంచి కాలిపర్లు పెట్టాను, టూల్ పక్కనే ఉంది, వెర్నియర్ కూడా ఉంది. ఇద్దరిద్దరుగా వచ్చి తిప్పి చూడండి. ఈ రెండిటిలో ఒకటి ఎడమ మర. ఏదో నేను చెప్పను.